వాక్యం వింటోంది, పిలవకండి

"దాన్ని పిలవకండి, వాక్యం వింటోంది."

మా అత్తయ్య సరోజ ఈ మాట అంటున్నప్పుడు నేను పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని చేప పొలుసు గీకుతున్నాను. పక్కింటావిడ కరివేపాకు కోసం వచ్చి బ్యూలా ఏదండీ అని అడిగింది. బ్యూలా ఎక్కడికి పోతుంది, ఇక్కడే ఉంది, చేతుల నిండా పొలుసు, నైటీ జేబులో ఫోను, చెవుల్లో తెల్ల తీగ. ఆ తీగలో ఎక్కడో దేశంకాని దేశంలో కూర్చున్న ఒకావిడ, వెబ్ పేజీలో పెట్టిన పెట్టె మొత్తం తెర ఎంతుందో చూసుకోకుండా తనున్న చోటు ఎంతుందో చూసుకుని సర్దుకునేలా ఎలా రాయాలో చెబుతోంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇదే పనికి మేం పడ్డ తిప్పలన్నీ గుర్తొచ్చి, ఇంత తేలికైపోయిందా అని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు చూసి అత్తయ్య గొంతు తగ్గించి, చూశారా, వాక్యంలో ఎంత ఆనందముందో అంది. పక్కింటావిడ నా వైపు భక్తిగా చూసి, కరివేపాకు తనే తుంచుకుని వెళ్ళిపోయింది.

ఈ పొరపాటు ఎక్కడ మొదలైందో చెప్పాలి. మాది లూథరన్ కుటుంబం. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో మా పాస్టరుగారు రోజూ పొద్దున్నే యూట్యూబులో వర్తమానం, అంటే బైబిలు వాక్యం మీద ప్రసంగం, పెడతారు, ఇంటిల్లిపాదీ వినాలి. గట్టిగా పెడితే మా ఆయన అజయ్ బాబు మీటింగులకి అడ్డమని, నాకు ఇయర్‌ఫోన్లు కొనిపెట్టింది అత్తయ్యే. ఈస్టరు అయిపోయింది. ఇయర్‌ఫోన్లు నా చెవుల్లోనే ఉండిపోయాయి, లోపలి గొంతు మాత్రం మారింది. ఒకరోజు పప్పు తాలింపు పెడుతుంటే, ఇంకా వింటున్నావా అమ్మా అంది. ఊఁ అన్నాను. అబద్ధమేం కాదు, వింటూనే ఉన్నానుగా. ఆ సాయంత్రం పాలవాడు కేకేస్తే నన్ను పిలవకుండా ఆవిడే గిన్నె పట్టుకుని వెళ్ళింది. మర్నాడు మోటారు ఆవిడే కట్టేసింది. అప్పుడర్థమైంది నాకు, ఈ ఇంట్లో నన్ను కాసేపు నా మానాన వదిలేసే కారణం ఒకటి దొరికిందని. ఇక నోరు మెదపలేదు.

నేనేమీ కాలక్షేపానికి వినడం లేదు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో వెబ్ పేజీలు కట్టే ఉద్యోగం చేశాను. అజయ్ మా టీమే, నా ఎదుటి సీటు. పెళ్ళయ్యాక కోవిడ్ వచ్చి ఇద్దరం చెరో లాప్‌టాప్ పట్టుకుని తెనాలి వచ్చాం. తర్వాత పింకీ పుట్టింది. అతను ముందుగదిలో ఏసీ పెట్టించుకుని తలుపేసుకున్నాడు, నన్ను కొన్నాళ్ళు ఆగమన్నారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. హైదరాబాదులో అతన్ని నువ్వు అనేదాన్ని, ఇక్కడికొచ్చాక అత్తయ్య ముందు మీరు అయ్యాడు. సరే, అది చిన్న విషయం. మా పనిలో పెద్ద చిక్కు ఇంకోటుంది. వంటయితే కొన్నేళ్ళు మానేసి మళ్ళీ గరిటె పట్టుకున్నా చెయ్యి తిరుగుతుంది. ఇది అలా కాదు, ఒక ఏడాది పక్కకి చూసొచ్చేసరికి మనం నేర్చుకున్నది పాతబడిపోతుంది. నా భయమల్లా అదే. మళ్ళీ పనిలోకి వెళ్ళే రోజంటూ వస్తే, ఆ రోజుకి నా దగ్గర పాత సామాను తప్ప ఏమీ మిగలదేమోనని.

అందుకే వదలకుండా పట్టుకున్నాను. ఏ సందేహం వచ్చినా ముందు ఎండీఎన్ అని, మా పనికి నిఘంటువు లాంటి సైటుకి పోతాను. అక్కడ ఒక్కో ట్యాగు గురించీ ఓపిగ్గా, ఉదాహరణతో సహా రాసుంటుంది, ఏ బ్రౌజరులో పనిచేస్తుందో ఎందులో చెయ్యదో అడుగున వేసుంటుంది. ఈ ఇంట్లో విసుక్కోకుండా నాకు జవాబు చెప్పేది అదొక్కటే అనిపించిన రోజులున్నాయి. వారానికోసారి మెయిలుకి ఒక ఉత్తరం వస్తుంది, ఆ వారం కొత్తగా వచ్చినవన్నీ ఎవరో పుణ్యాత్ములు ఏరి పెడతారు. అది పింకీ స్కూలు బస్సు కోసం సందు చివర నిలబడి చదువుతాను. బ్రౌజరు తయారుచేసేవాళ్ళే రాసే బ్లాగు కుక్కరు కూతల మధ్య. ఒక పాడ్‌కాస్టులో ఇద్దరు మగాళ్ళు అసలు సంగతికి వచ్చేలోగా వాళ్ళ కాఫీల గురించీ కుక్కల గురించీ బోలెడు చెప్పుకుంటారు. ఎంత తీరికరా నాయనా మీకు అని ఒళ్ళు మండుతుంది, అయినా బట్టలారేస్తూ వింటాను, చివర్లో పనికొచ్చేది చెప్తారు కాబట్టి. అన్నిటికంటే నాకిష్టం మాత్రం ఆ చేపల రోజు విన్న ఆవిడే. పేరుమోసిన మనిషేం కాదు. తనకి తెలియనిది తెలియదనే చెప్తుంది. మధ్యలో ఎక్కడో లోపల పిల్ల ఏడిస్తే, ఒక్క నిమిషం అని లేచి వెళ్తుంది. ఆ ఖాళీని కోసెయ్యకుండా అలాగే ఉంచుతుంది. ఆవిడ వచ్చేలోగా నేను కూర కలిపేసుకుంటాను.

రోజూ పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ అజయ్, ఏంటి కొత్తవి అంటాడు. పొయ్యి దగ్గర నిలబడే చెప్తాను. ఒకసారి పేజీని గళ్ళుగా విడదీసే పద్ధతి గురించి చెబుతూ, ఇది ఇడ్లీ రేకు అనుకో, గుంటలు ముందే ఉంటాయి, పిండి వాటిల్లోనే కూర్చోవాలి, ఇంకో పద్ధతి దోసె పెనం, పిండి ఎంతుంటే అంత పరుచుకుంటుంది అన్నాను. తలూపి వెళ్ళాడు. కాసేపటికి ముందుగది తలుపు వెనక నుంచి ఇంగ్లీషులో ఇడ్లీ రేకు వినిపించింది. ఆ వెంటనే దోసె పెనం. స్పీకర్లో అందరూ నవ్వారు, ఎవరో బ్రిలియంట్ అన్నారు. అప్పుడు నా చేతిలో ఉన్నది ఆ ఇడ్లీ రేకే, పీచుతో తోముతున్నాను. కోపం రాలేదంటే అబద్ధం. తోమిన గుంటలే మళ్ళీ తోమాను. ఆ ఏడాది అతన్ని టీముకి లీడ్ చేశారు. మావాడు ఎప్పుడూ చదువుతూనే ఉంటాడండి, అందుకే పైకొచ్చాడని అత్తయ్య చర్చిలో అందరికీ మిఠాయి పంచింది. నేను పక్కనే డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

అలా సాగిపోతుండగా లిఖిత దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. మా పాత టీములో అమ్మాయి, ఇప్పుడు విజయవాడలో ఒక చిన్న కంపెనీలో ఉంది. ఇంటి నుంచే పని, పొద్దుటి పూట వరకే, సోమవారం పదింటికి వీడియోలో మాట్లాడతారు, ఇన్నాళ్ళూ పనితో ఎలా టచ్‌లో ఉన్నావో చెప్తే చాలక్కా అని రాసింది. చేతులు తుడుచుకుని ఆ మెసేజి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. అజయ్‌కి చెప్తే ఫోనులోంచి తలెత్తలేదు. ఇప్పుడా, పింకీ చిన్నది కదా అన్నాడు. పొద్దుటి పూట అమ్మ ఒక్కతే ఏం చేసుకుంటుందన్నాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి, "నువ్వు నేర్చుకున్నదేం వృథా పోవట్లేదుగా, నాకు పనికొస్తూనే ఉంది. ఎవరికొస్తే ఏంటి, ఇంట్లోదే కదా" అన్నాడు. అతని గొంతులో చెడ్డతనమేం లేదు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. సోమవారం మధ్యాహ్నం ఆఫీసు మొత్తానికీ తను మాట్లాడాలట. వెబ్ డెవలప్‌మెంటులో వెనకబడిపోకుండా తను చదివేవీ వినేవీ ఏంటో చెప్పాలట. కాస్త స్లైడ్లు చేసిపెట్టు, నీకైతే అన్నీ నోటికొచ్చుగా అన్నాడు.

ఆ వారమే అత్తయ్య వాళ్ళ అక్క అన్నమ్మగారు రేపల్లె నుంచి ఫోను చేసింది. అక్కడి చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడ అధ్యక్షురాలు. శనివారం కూడిక ఉంది, అంశం 'వినుట', మన సరోజ కోడలు రోజంతా వాక్యం వింటుందట కదా, ఆ అమ్మాయి చేతే వర్తమానం చెప్పిద్దామని అందరూ ఒక్క మాట మీదకొచ్చారట. అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. నా క్రీము రంగు చీర బీరువాలోంచి తీసి, ఆవిడే ఇస్త్రీ చేసి, కొంగు మడతలు సరిచేసి హాంగరుకి తగిలించింది. ఈ ఇంట్లో నా చీర ఇంకొకరు ఇస్త్రీ చెయ్యడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

నిజం చెప్పేస్తే నా చెవిలో తీగ ఆ రోజుతో సరి. వినడం పోతుంది, వినడం పోతే పని సంగతి మర్చిపోవడమే. చెప్పకపోతే మందిరంలో అంతమంది ముందు నిలబడి, వినని వాక్యం విన్నానని చెప్పాలి. అజయ్‌ని అడిగాను ఏం చెయ్యనని. దీనికింత ఆలోచనెందుకు, యూట్యూబులో ఏదో ఒక వర్తమానం విని నీ మాటల్లో చెప్పెయ్, ఎక్కడ విన్నావో ఎవరడుగుతారు అన్నాడు. అతనికి బాగా తెలుసు, ఎవరూ అడగరని.

శనివారం పింకీని అజయ్‌కి అప్పజెప్పి, అత్తయ్యా నేనూ రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చింది. ఎదుటి సీటులో ఎవరో ముసలావిడతో, మా కోడలండి, ఇవాళ వర్తమానం ఈ అమ్మాయిదే అని చెప్పుకుంది. వేమూరు దాటాక గుండె రాయి చేసుకుని, అత్తయ్యా మీకొకటి చెప్పాలండి అన్నాను. ఇక్కడ చెప్పకు, అందరితోపాటు అక్కడే వింటాను అంది. భట్టిప్రోలు వచ్చింది, వెళ్ళింది. బయట వరిచేలు, లోపల అత్తయ్య చేతిసంచిలో నా కోసం తెచ్చిన మంచినీళ్ళ సీసా.

మందిరంలో ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చున్నారు. పాటయింది, ప్రార్థనయింది. అన్నమ్మగారు నా గురించి రెండు మంచి మాటలు చెప్పి మైకిచ్చింది. అత్తయ్య ముందు వరసలో కూర్చుని ఒళ్ళో చేతులు కట్టుకుంది. అందరికీ వందనాలండి అన్నాను. అందరూ వందనాలన్నారు. అంతవరకూ తేలిక.

"మీరందరూ నేను రోజంతా వాక్యం వింటాననుకుంటున్నారండి. నేను వినేది వాక్యం కాదు. పాప పుట్టకముందు నేను చేసిన పనికి సంబంధించిన పాఠాలు. ఫోనులో మీరు చూసే పేజీలు ఉంటాయే, అవి కట్టే పని. మా అత్తయ్యగారు వాక్యమనుకుని ఆ కాసేపు నాకు పని చెప్పకుండా వదిలేసేవారు. ఆ కాసేపటి కోసం నేను ఆవిడకి నిజం చెప్పలేదు. నేను విన్నవి పొద్దున్నే మా ఆయనకి చెప్తాను, ఆయన వాళ్ళ ఆఫీసులో చెప్తారు. వినుట గురించి నాకు తెలిసింది ఇంతేనండి. మా ఇంట్లో నేనే వింటాను. నా మాట ఎవరన్నా విన్నారో లేదో నాకు తెలీదు."

అత్తయ్య తల వంచుకుంది. మైకు ఎవరికివ్వాలో తెలీక నేనలాగే నిలబడ్డాను. వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తి, అమ్మాయ్, గ్యాస్ బుక్ చేసేచోట ఆ నొక్కేది ఎక్కడుందో చచ్చినా కనపడదు, అది కూడా మీవాళ్ళ పనేనా అని అడిగింది. ఒక్కసారి అందరూ నవ్వారు. "మావాళ్ళ పనేనండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కానీ తెలీలేదు, మావాళ్ళు అని ఎన్నాళ్ళయిందో. కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు ఫోన్లు తెచ్చి చూపించారు, అక్షరాలు పెద్దవి చేసిపెట్టాను. అన్నమ్మగారు మాత్రం నాతో మాట్లాడలేదు. చెల్లెల్ని పక్కకి పిలిచి ఏదో అంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన అత్తయ్యే కూర్చుంది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నావు" అంది.

"అవునత్తయ్యా. తప్పేనండి."

"పదిమందిలో నా తల తీసేశావు."

అదీ నిజమే. స్టేషను వస్తోందనగా ఆవిడ సంచి ఒళ్ళోకి తీసుకుని, అజయ్ ఆఫీసులో చెప్పేదంతా నువ్వు చెప్పిందేనా అని అడిగింది. అంతా కాదండి, కొత్తగా వచ్చినవి అన్నాను. అవును, అత్తయ్య కూడా ఉద్యోగం చేసిన మనిషే, చెరుకుపల్లి బడిలో టీచరుగా రిటైరయింది. "మా హెడ్మాస్టరు జకరయ్యగారని ఉండేవారు. ఇన్‌స్పెక్షను వస్తే ఆయన చెప్పే పాఠం నేనే తయారుచేసి ఇచ్చేదాన్ని. చార్టులు కూడా నేనే గీసేదాన్ని" అంది. తెనాలి వచ్చింది, దిగి ఆటో ఎక్కాం.

ఆ మాటతో ఆవిడ మెత్తబడిందనుకుంటే పొరపాటే. ఆదివారమంతా నాతో ముక్తసరిగానే ఉంది. నా చెవిలో తీగ కనపడితే చాలు, బ్యూలా పాలు, బ్యూలా మోటారు, బ్యూలా గుమ్మంలో ఎవరో చూడు. ఒక్క వాక్యం కూడా చివరిదాకా విననివ్వలేదు. నేను లేస్తూనే ఉన్నాను. ఇంతే అవుతుందని నాకు ముందే తెలుసు. అయినా లోపల ఏదో బరువు దిగింది. మధ్యాహ్నం పడుకున్న పింకీ పక్కన కూర్చుని, నేను చదివేవీ వినేవీ అన్నీ ఒకచోట చేర్చాను. ఎండీఎన్ నుంచి ఆ చేపలావిడ దాకా. సోమవారం పదింటికి మాట్లాడతానని లిఖితకి మెసేజి పెట్టాను. స్లైడ్లు మాత్రం చెయ్యలేదు.

సోమవారం పొద్దున అత్తయ్యా నేనూ వంటింట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడ అలాగే ముభావంగా ఉంది. అజయ్ వచ్చి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"ఏంటి కొత్తవి? స్లైడ్లయ్యాయా?"

చెయ్యలేదన్నాను. నేను చూసేవన్నీ మీ ఫోనుకి పంపాను, చదువుకోండి అన్నాను. అతను ఫోను తీసి, వేలితో కిందికి జరుపుతూ పోయాడు. జరిపేకొద్దీ మొహం మారింది.

"ఇవన్నీ చదవడానికీ వినడానికీ నాకు టైమెక్కడుంది బ్యూలా? పొద్దున లేస్తే పని."

ఈనె తీస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. నేను ఫోనులోంచి తీగ పీకేసి స్పీకరు పెట్టాను. ఆ చేపలావిడ గొంతు వంటిల్లంతా నిండింది, ఈ ఇంట్లో మొదటిసారి అందరికీ వినపడేలా. నా ముందున్న చిక్కుడుకాయల పళ్ళెం అజయ్ ముందుకు జరిపాను.

"ఇవి ఒలుస్తూ విను. నేను అలాగే విన్నాను. పదింటినుంచి ముందుగది నాక్కావాలి."

అత్తయ్య ముందు అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను నన్ను చూసి, వాళ్ళమ్మని చూశాడు. ఆవిడ నేను లేచిన పీటని కొడుకు వైపు కొంచెం తోసింది, అంతే.

పింకీ బొమ్మలు చూసుకునే నా పాత లాప్‌టాప్ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆ గదిలో కూర్చుంటే వంటింటి చప్పుళ్ళు ఇంత బాగా వినపడతాయని నాకు తెలీదు. అతనికివన్నీ రోజూ వినపడుతూనే ఉన్నాయన్నమాట. పదయింది. తెరమీద ముగ్గురు కనిపించారు. నమస్కారాలయ్యాక మధ్యలో ఉన్నావిడ అడిగింది, ఇన్నాళ్ళూ ఇంట్లో ఉండి వెబ్ డెవలప్‌మెంటులో జరిగేవన్నీ ఎలా తెలుసుకుంటూ ఉన్నారు, ఏమేం చదువుతారు అని. గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే బయట అజయ్ కేక, బ్యూలా, పింకీకి మధ్యాహ్నం స్కూలుకి పంపే క్యారేజీ మూత ఎక్కడ పెట్టావు?

నా కాళ్ళు అలవాటుగా లేవబోయాయి.

"దాన్ని పిలవకురా" అంది అత్తయ్య, గోడవతల నుంచి. "పని చేసుకుంటోంది."